చల్లని నీడలో మాత్రమే వాడవలెను

మహారాజశ్రీ కార్ వ్యాక్స్ డబ్బా గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమమేనని తెలుసు, ఇప్పుడే అటక మీద చూసి వచ్చాను. మూత బిగించే ఉంది, లోపల ముప్పాతిక వంతు అలాగే ఉన్నారు.

నిన్న పొద్దున్న పెళ్లికారు ముస్తాబు చేయడానికి ఒక కుర్రాడొచ్చాడు. మేనకోడలి పెళ్లి, కారు మనది, కాబట్టి దగ్గరుండి చూస్తున్నా. బోనెట్ మీద అమ్మాయి పేరు, అబ్బాయి పేరు థర్మాకోల్ అక్షరాల్లో పెడదామని టేపు వేశాడు. ఊడింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఊడింది. "ఏం రాసిన్రు సార్ దీనికి, టేపు పడతలేదు" అని విసుక్కుని, తన బండిలోంచి కాస్త పెట్రోలు గుడ్డ మీద పోసుకొచ్చి, నేను అరె అరె అంటూ అడ్డం వెళ్లేలోపు బోనెట్ అంతా పరపరా తుడిచేశాడు. ఆదివారం మధ్యాహ్నం భుజాలు పడిపోయేలా రుద్దిన పూత, గుడ్డ ఈ పక్కనుంచి ఆ పక్కకి వెళ్లొచ్చేసరికి సఫా. తర్వాత టేపు బ్రహ్మాండంగా అంటుకుంది. కుర్రాడి మీద నాకేం కోపం లేదు, ఇంకా చెప్పాలంటే మీరసలు పనిచేశారనడానికి నాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం వాడి టేపు. నా గొడవంతా మీతోనే.

చిల్లర గొడవలు ముందు తేల్చేసుకుందాం. మిమ్మల్ని కొనడానికి రాణిగంజ్ దాకా వెళ్లాను. షాపులో గోడ నిండా డబ్బాలు: పేస్ట్ వ్యాక్స్, లిక్విడ్ వ్యాక్స్, స్ప్రే వ్యాక్స్, పాలిష్, వ్యాక్స్ పాలిష్, సిరామిక్ వ్యాక్స్. పాలిష్‌కీ వ్యాక్స్‌కీ తేడా ఏంటన్నా అంటే "అన్నీ ఒకటే సార్, మెరుస్తది" అన్నాడాయన. ఒకటేమో పెయింట్ పైపొరని సన్నగా అరగదీసి గీతలు పోగొట్టేది, ఇంకొకటి ఆ పొర మీద ఊరికే పూతగా కూర్చునేది. ఆ క్లియర్ కోట్ అనే పైపొర మొత్తం కలిపి 40, 50 మైక్రాన్లు ఉంటుందేమో, చాలామంది తల వెంట్రుక అంతకంటే లావు. అన్నీ ఒకటే అనుకుని నెలనెలా పాలిష్‌తో తోమే అమాయకుడి కారు గతేంటో మీ జాతిలో ఎవరైనా ఒక్క ముక్క డబ్బా మీద పెద్దక్షరాల్లో రాశారా?

రాసింది ఏంటంటే "100 శాతం కార్నౌబా", బంగారు రంగులో. అసలు కార్నౌబా మైనం గోరుకి కూడా లొంగనంత గట్టిది, కరగాలంటే వేడి 80 డిగ్రీలు దాటాలి. నూనెలూ సాల్వెంట్లూ కలిపితేగానీ స్పాంజి మీదికి ఎక్కదు. కలిపాక కూడా 100 శాతమే! మా పాలవాడు వింటే పాదాలకి దండం పెడతాడు.

మీ చుట్టాల సంగతి కూడా చెప్పాలా? సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోండి సార్ అని వెంటపడేవాళ్లున్నారు. టెఫ్లాన్ కరిగేదే 327 డిగ్రీల దగ్గర, పెనానికి అతుక్కోవాలన్నా అంతకు మించిన వేడిలో కాల్చాలి. నా కారుని ఏ పొయ్యి మీద పెడతారు స్వామీ అంటే నవ్వి బిల్లు పుస్తకం తీస్తారు. ఇంకొకాయన సిరామిక్, 9హెచ్ గట్టిదనం, వజ్రం తర్వాత ఇదే అంటాడు. ఆ 9హెచ్ పెన్సిళ్ల కొలతండీ. పెన్సిలుతో గీస్తే గీత పడదని దానర్థం. మా పార్కింగ్‌లో కార్లని గీసేవాళ్లెవరూ పెన్సిల్ పట్టుకుని రారు.

సరే, ఇవన్నీ వదిలేస్తా. వదల్లేనిది ఒకటే, డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో తమరు చేయించిన శాసనం: "చల్లని ఉపరితలంపై, ఎండ తగలని నీడలో మాత్రమే వాడవలెను."

నీడ. మే నెల. హైదరాబాద్.

అయ్యా, తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవనుకుంటున్నారా? తమరిది బ్రెజిల్ ఈశాన్య మూల, సియారా, పియావీ వైపు. వానలు అంతంతమాత్రం, ఎండలు మా రెంటచింతలకి తీసిపోనివి. ఆ ఎండకి ఆకులో తడి ఎగిరిపోకుండా అక్కడి కార్నౌబా తాటిచెట్టు తన ఆకులకి తానే మైనం పూసుకుంటుంది. జనం ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, బాది, రాలిన పొడిని కరిగించి మైనం తీస్తారు. ఎండబెట్టి అన్నాను, గమనించండి. ఎండని తట్టుకోవడానికి పుట్టిన పదార్థం, ఎండలో ఆరితేగానీ బయటికి రాని పదార్థం, డబ్బాలోకి చేరి ధర స్టిక్కరు తగిలించుకోగానే సుకుమారం అయిపోయింది, నీడ పట్టున కూర్చోబెట్టి చల్లగా ఉంటేనే రాయించుకుంటానంటోంది.

మీ తరఫు లాయరు ఏమంటాడో కూడా తెలుసు. ఎండకి తాళలేనిది మైనం కాదండీ, అందులో కలిపిన సాల్వెంట్, వేడి రేకు తగలగానే అది ఆవిరైపోతుంది, పల్చగా సాగాల్సిన పూత ఉన్నచోటే గడ్డకట్టేస్తుంది అంటాడు. బాగుంది. మరి ఆ సాల్వెంట్‌ని కలిపిందెవరు, నేనా?

ఆజ్ఞ అయింది కాబట్టి నీడ వెతికాను. మొదట సెల్లార్. నీడకి నీడ, చల్లదనానికి చల్లదనం. కానీ వ్యాక్స్ రాసేముందు కారు కడగాలి కదా, అక్కడ పైపు ముట్టుకుంటే అసోసియేషన్ సెక్రటరీగారు పైనుంచే కేకేస్తారు. ట్యాంకర్ల మీద బతుకుతున్న కాలం, ఆయన్ని తప్పుబట్టలేను. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని వచ్చిన వార్తని ఆయన ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉంటారు. పోనీ బయట కడిగి లోపలికి తెచ్చి రాద్దామా అంటే సెల్లార్‌లో వెలుగు లేదు, ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు ఆలోచించుకుని వెలుగుతుంది. ఎక్కడ రాశానో, ఎక్కడ వదిలేశానో, ఎక్కడ తుడవాలో కనపడకుండా మెరుపు తేవడం నావల్ల కాలేదు.

తర్వాత గేటు ముందు కానుగ చెట్టు. మా వీధి మొత్తానికి ఉన్న నీడ అదే, దానికింద ఇస్త్రీ బండి ఉంటుంది, ఇద్దరు ఆటోవాళ్లు కునుకు తీస్తుంటారు, వాళ్లని బతిమాలి కారు పెట్టుకున్నాను. కింద నేను పూస్తున్నాను, పైనుంచి చెట్టు పూస్తోంది. తడి వ్యాక్స్ మీద పూత రాలి అంటుకుపోతుంటే గోటితో ఏరుతూ కూర్చున్నా. అంతలో కాకిగారు. పక్షి రెట్ట పడ్డాక వెంటనే తుడవకపోతే, ఎండ వేడికి మెత్తబడిన పెయింట్‌లోకి మరక దిగిపోయి అచ్చు పడుతుంది, దాన్నుంచి కాపాడుకోవడానికే కదా మిమ్మల్ని తెచ్చుకుంది! మీరు ఆరేదాకా అదే రెట్టకింద నిలబడాలట.

తెల్లవారుజామున చేయొచ్చు కదా అంటారు, అందరూ అన్నారు, వాకింగ్‌కి వెళ్తూ రిటైర్డ్ అంకుల్స్ ఒక్కొక్కరూ ఆగి మరీ అన్నారు. చేశాను. కడగడం, బోరు నీళ్ల చుక్కలు తెల్లగా మచ్చలు కట్టకుండా వెంటనే తడి తుడవడం, ఆ అంకుల్స్‌కి జవాబులు చెప్పడం, ఇవయ్యేసరికి ఎదురు బిల్డింగ్ మీదినుంచి సూర్యుడు తొంగి చూశాడు. సాయంత్రం చేద్దామంటే పగలంతా కాలిన బోనెట్ ఏడు దాటినా చెయ్యి పెట్టనివ్వదు. అది చల్లారే వేళకి దోమలు, పక్కన కడుతున్న బిల్డింగ్ నుంచి సిమెంటు దుమ్ము. దుమ్ము పడ్డ కారు మీద వ్యాక్స్ రుద్దితే దుమ్మే గీతలు గీస్తుంది. మా దగ్గర కార్లు తుడిచే అబ్బాయి ఒక్క బకెట్, ఒక్క గుడ్డతో వరసన అన్ని కార్లూ తుడిచి ఆ గీతలు ఇప్పటికే సరిపడా గీసి పెట్టాడు, కొత్తవి నేను గీయడం దేనికి.

చివరికి పెళ్లి దగ్గరపడింది. ఆదివారం మధ్యాహ్నం, ఎదురింటివాళ్లు ఊరెళ్లారని తెలిసి వాళ్ల పోర్టికోలో పెట్టుకున్నాను. రెండు గంటలకి నీడ బోనెట్ మీద ఉంది, మూడింటికి డిక్కీ మీదికి పోయింది. నీడతో పాటు నేను కారుని జరుపుకుంటూ, జరిపినప్పుడల్లా ఇంజను స్టార్ట్ చేసి బోనెట్‌ని ఇంకాస్త వేడెక్కిస్తూ, చెమట కళ్లలోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ. పల్చగా రాయమన్నావు, పల్చగానే రాశాను. పొగమంచులా తెల్లబడ్డాక వేలితో గీసి చూడు, గీత శుభ్రంగా వస్తే తుడిచెయ్యి, హాయిగా వచ్చేస్తుందన్నావు. ఏం హాయి? నీ మొహం హాయి! ఆ వేడికి రాసీ రాయకముందే రాయిలా బిగుసుకున్నావు. మైక్రోఫైబర్ గుడ్డ ముక్క చెక్కలైంది కానీ నువ్వు కదల్లేదు. రుద్దిన చోట మెరిసి, రుద్దని చోట తెల్లబడి, బొల్లి వచ్చినట్టు తయారైంది నా కారు, రేపు పెళ్లికూతురు ఎక్కే కారు. తలుపుల సందుల్లో నువ్వే, నంబర్ ప్లేటు చుట్టూ నువ్వే, బంపర్ కింద నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగా నువ్వే. ఆ ప్లాస్టిక్ మరకలు నీళ్లకి పోవు, షాంపూకి పోవు, చివరికి మా వాడి జామెట్రీ బాక్సులో రబ్బరు తీసుకుని నాలుగో తరగతి పిల్లాడిలా చెరుపుతూ కూర్చున్నా. వీధిలో పోయేవాడు "ఏం తప్పు రాశావన్నా" అని అడిగి వెళ్లాడు. ఇంటికొచ్చి తలనొప్పి మాత్ర వేసుకుంటే ఆ మాత్ర మీది నిగనిగ కూడా నీదే అయ్యుంటుంది, మాత్రలకీ చాక్లెట్లకీ పైపూతగా నిన్నే వాడతారట. నోట్లోకి వెళ్లేటప్పుడు ఎండా నీడా ఏమీ అడగవు కదా నువ్వు!

నీడ ఉన్న ఇల్లు, గ్యారేజీ, అందులో మంచి లైటు, గోడకి కుళాయి, పద్దెనిమిది డిగ్రీల మధ్యాహ్నం, ఇవన్నీ ఉన్నవాడికే పనిచేస్తానని ముందే చెప్పు. ధర పక్కనే రాయి. ఇక్కడ కారుకే ఈఎంఐ కడుతున్నాం, దానికి గ్యారేజీ ఎవడు కట్టిస్తాడు?

ఇక్కడిదాకా రాసి, ఇంకా రాయాల్సింది చాలా ఉండగా, మా ఆవిడ పిలిచింది. ఎల్లుండి కొత్త దంపతుల్ని భోజనానికి పిలిచాం, బెడ్‌రూమ్‌లో బీరువా చూస్తే సిగ్గుగా ఉంది, ఆ డబ్బా ఎలాగూ దండగే కదా, దానికైనా రాయండి అంది. మా పెళ్లినాటి ఇనుప బీరువా, ముదురు గోధుమ రంగు ఎనామెల్, పిల్లలు అంటించిన స్టిక్కర్ల గుర్తులతో సహా. కారు మీద తీర్చుకోలేని కసి దాని మీద తీర్చుకుందామని ఏసీ 24లో పెట్టుకుని, స్టూలేసుకుని కూర్చున్నాను.

రాత్రి పదకొండున్నర అయింది, మళ్లీ రాస్తున్నా. తమరు చెప్పినట్టే జరిగిందండీ. స్పాంజి బిళ్ల మీద కొంచెమే తీసుకుని తలుపు మీద గుండ్రంగా తిప్పితే ఉందా లేదా అన్నంత పల్చగా సాగారు. కాసేపటికి తెల్లబడ్డారు. వేలితో గీస్తే గీత శుభ్రంగా వచ్చింది. గుడ్డ ఇలా వేసి అలా లాగితే ఏ పేచీ లేకుండా వచ్చేశారు, ఆ కింద రంగు చూసి నేనే ఒక నిమిషం వెనక్కి జరిగాను. బీరువా తలుపులో తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. రెండో తలుపు కూడా చేశాను. ఎవరూ అడక్కుండానే పక్కలు కూడా చేశాను, గోడ వైపున్న పక్కతో సహా.

మా అమ్మ లేచి వచ్చి చూసి "కొత్తది కొన్నార్రా?" అంది.

ఇప్పుడు ఇంట్లో తమరికి గిరాకీ పెరిగింది. రేపు ఫ్రిజ్ అట, ఆ తర్వాత వాషింగ్ మెషీన్, వీలుంటే అత్తగారింట్లో బీరువా కూడా. తమరిని అటక మీదినుంచి దించి హాల్లో టీవీ పక్కన పెట్టారు. కారు సంగతి డిసెంబర్‌లో, ఇక్కడ పొద్దున్న బోనెట్ చల్లగా తగిలే రోజుల్లో చూద్దామనుకున్నాం, అప్పటికి డబ్బాలో ఏమైనా మిగిలితే.

ఇట్లు,
తమరి విధేయ వినియోగదారుడు