గట్టు మీద మొలిచిందల్లా కూర కాదు

వానలు మొదలైన దగ్గర నుంచి విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పొలం గట్ల మీద తనంతట తాను మొలిచే ఆకుకూరలకు ఎవరూ మందు కొట్టరు కాబట్టి అవి స్వచ్ఛమైనవని, పశువు మేసే ఏ ఆకునైనా మనిషి తినవచ్చునని, అనుమానం ఉంటే బాగా ఉడికిస్తే చాలునని, గలిజేరు కషాయం తాగితే పాడైన కిడ్నీలు బాగుపడతాయని అందులో రాశారు. పొన్నగంటి, గంగపాయల, చెంచలి కూరలు తిని పెరిగిన నేను, ఆ కూరల మీద గౌరవంతోనే ఈ నాలుగు మాటలనూ ఖండిస్తున్నాను.

మొదటి మాట మన ప్రాంతానికి అసలే పొసగదు. గట్టు మీది కూరకు పనిగట్టుకుని ఎవరూ మందు కొట్టరన్నది నిజమే. కానీ అడుగు దూరంలో ఉన్న మిరపకు, పత్తికి కొడతారు. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టిన నాటి నుంచి ఆ భయం రైతును వదలలేదు. ఆ తుంపర గాలివాటున గట్టు మీదే పడుతుంది. గట్టును శుభ్రం చేయడానికి వాడే గడ్డిమందు సంగతి ఇంకా ప్రమాదకరం. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు పడిన చెంచలి మొక్క వెంటనే వాడిపోదు, కొన్ని రోజుల పాటు లేతగా, పచ్చగా, కోయబుద్ధి అయ్యేలాగే ఉంటుంది. మందు ఆకు పైన నిలవక లోపలికి ఇంకి వేరు దాకా దిగుతుంది కనుక, ఉప్పునీళ్లలో ఎన్నిసార్లు కడిగినా పోదు. అందుకే కూర కోసే ముందు ఆ చేను రైతును “ఇక్కడ మందు ఎప్పుడు కొట్టారండీ?” అని అడిగి తీరాలి. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల ఒడ్డున నిగనిగలాడే పొన్నగంటిని మాత్రం, ఊరి మురుగు కలిసే నీటిలో పెరుగుతుంది కాబట్టి, నేను ఇంటికి తీసుకురాను.

పశువు మాటకు జిల్లేడే జవాబు. మనిషికి విషమైన ఆ ఆకును మేక కొరుక్కుని తన దారిన పోతుంది. నెమరువేసే జంతువు పొట్టలోని సూక్ష్మజీవులు కొన్ని విషాలను విరిచేస్తాయి, మనకు ఆ ఏర్పాటు లేదు.

ఉడికించినంత మాత్రాన ఉమ్మెత్త విషం విరిగిపోదు. పుట్టగొడుగుల్లో ప్రాణం తీసే రకాల విషమూ పొయ్యి వేడికి చెక్కుచెదరదు. పైగా అవి తిన్న తర్వాత ఆరు గంటలకు పైగా ఏ బాధా తెలియకపోవచ్చు, కాలేయం దెబ్బతింటున్నా మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు.

ఇక గలిజేరు. అది మంచి కూరే, పప్పులో వేసుకుంటే రుచిగా ఉంటుంది. అయితే ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. పనిచేయని కిడ్నీలు దానిని బయటికి పంపలేవు, రక్తంలో అది పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే కిడ్నీ జబ్బు ముదిరిన వారు ఆకుకూర తినవలసి వస్తే, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయమని చెబుతారు. ఈ సందేశం ఆ పారబోయవలసిన నీటినే కషాయమని గ్లాసులో పోసి తాగమంటోంది.