చక్రానికో నిమ్మకాయ

పోయిన మంగళవారం సాయంత్రం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర నా స్కూటర్ ఆగి ఉంది. ఎర్రలైటు పడితే ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. వెనకాల వచ్చే బుల్లెట్టుకు ఆ జబ్బు లేదు. సరాసరి వచ్చి నా టెయిల్ లైటులో దూరింది.

కిందికి దిగి, ముక్కలు ఏరుకుని, మర్యాదగానే అడిగాను. "బాబూ, ఇన్సూరెన్స్ ఉందా?"

ముక్కూ మొహం తెలియనివాడు జీతమెంత అని అడిగితే ఎలా చూస్తామో అలా చూశాడు. "ఏటండి, ఈ మాత్రానికి ఇన్సూరెన్సేటండి? అయినా షోరూమ్‌లోనే కట్టించేసుకున్నారు కదండి, బండి కొన్నప్పుడే."

"ఎప్పుడు కొన్నావు?"

"2019లోనండి. అది లైఫ్‌టైమ్ అండి."

లైఫ్‌టైమ్ రోడ్డు ట్యాక్సుకి నాయనా. సుప్రీంకోర్టు చెప్పిందని 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకి ఐదేళ్లకూ, కొత్త కారుకి మూడేళ్లకూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే బీమా, ముందే కట్టించుకుంటున్నారు. ఏటేటా రెన్యూవల్ ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువైపోయారని కోర్టు చేసిన ఏర్పాటది. మనవాళ్లు దాన్ని చక్కగా అర్థం చేసుకున్నారు. ఒకసారి కట్టాం, ఇక బండి పాత ఇనుముకి వెళ్లేదాకా ఆ ఊసెత్తక్కర్లేదు! ఆరో ఏడు నుంచి ఆ కాగితం సీటు కింద హాయిగా నిద్రపోతుంటుంది.

కుర్రాడు పేదవాడనుకునేరు. సైలెన్సర్ మార్పించడానికే నాలుగు వేలయిందని అడక్కుండానే చెప్పాడు. బీచ్ రోడ్డులో నిద్రపోతున్న పసిపిల్లల్ని లేపే సైలెన్సరది. అతని బండి సైజుకి, అంటే 150 దాటి 350 సీసీ లోపు వాటికి, 2022 జూన్‌లో ప్రభుత్వం నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366 రూపాయలు. నా స్కూటర్ లాంటి వాటికి 714. రోజుకి రెండు రూపాయలు పడదు. పైన జీఎస్టీ ఉందనుకోండి, అయినా సైలెన్సర్ ముందు అదెంత.

ఇంత నిర్లక్ష్యం ఉన్న ఊరు కాదే మనది అనుకుంటూ ఆశీల్‌మెట్ట మీదుగా ఇంటికి బయల్దేరాను. నమ్మకపోతే సంపత్ వినాయక గుడి దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. వాహన భద్రత విషయంలో విశాఖ వాసి ఎంత క్రమశిక్షణ గలవాడో తెలుస్తుంది. కొత్త బండి కొన్నవాడు షోరూమ్ నుంచి ఇంటికైనా వెళ్లడు, ముందు అక్కడికి రావాల్సిందే. దేవుడి మీద నాకేమీ ఫిర్యాదు లేదు. నా స్కూటర్‌కీ అక్కడే పూజ చేయించాను.

నేను చూస్తుండగానే ఒక కొత్త కారు వచ్చి ఆగింది. దండ వేశారు, బొట్లు పెట్టారు. నిమ్మకాయల దగ్గర మాత్రం కనీస పరిమితి కచ్చితంగా అమలవుతోంది. బైకుకి రెండు, కారుకి నాలుగు, చక్రానికి ఒకటి చొప్పున. ఇందులో మినహాయింపు లేదు, వాయిదా లేదు, 'వచ్చే నెల చూద్దాం' లేదు. బామ్మగారు నాలుగు కాయల్నీ నొక్కి చూసి, ఒకటి మెత్తగా ఉందని వెనక్కి పంపారు. అల్లుడుగారు స్టెప్నీ కూడా చక్రమే కదా, దానికి అక్కర్లేదా అన్నాడు. దీని మీద పెద్ద చర్చ. డిక్కీ తెరిచారు, టైరు చూశారు, కింద రోడ్డుకి తగలనిది లెక్కలోకి రాదని మావగారు తీర్పిచ్చారు. కారు కదిలింది. మూడు కాయలు చితికాయి, నాలుగోది జారి పక్క కారు కిందికి దొర్లిపోయింది. కుటుంబం మొత్తం నిశ్శబ్దం. బామ్మగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. కారు వెనక్కి తీయించి, కొత్త కాయ తెప్పించి, చక్రం కింద సరిగ్గా పెట్టించి, చితికిందాకా అల్లుడు ఒంగునే చూశాడు. కవరేజీలో గ్యాప్ పూడింది.

ఇంత జరుగుతుంటే ఇన్సూరెన్స్ కాగితాలు ప్లాస్టిక్ కవరులో డాష్‌బోర్డు అరలో ఉన్నాయి. వాటిని ఒక్కరూ నొక్కి చూడలేదు.

చూసేదేముంది, 'మినిమం', అంటే ఉత్త థర్డ్ పార్టీ, ఉంటే చాలంటారు. పంక్చర్ షాపు పక్కన గొడుగు వేసుక్కూర్చునే ఏజెంటు కూడా అదే అంటాడు. "మినిమం ఏసేస్తాను సార్, పోలీసోడికి చూపించడానికి సరిపోద్ది." మన దగ్గర ఇన్సూరెన్స్ ప్రమాదం కోసం కాదు, ట్రాఫిక్ కానిస్టేబుల్ కోసం. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, రెండోసారి 4,000. జైలుకి పంపే అధికారం కూడా చట్టంలో ఉంది కానీ, పంపగా నేనైతే చూడలేదు.

ఆ మినిమంలో ఏముందో చెప్పమంటారా? మన బండి గుద్ది దారిన పోయేవాడి ప్రాణం పోతే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత అంటే అంత కంపెనీ ఇస్తుంది. ఎవరి గోడో, షాపు షట్టరో, నా టెయిల్ లైటో పగిలితే బైకు తరఫున లక్ష వరకు, కారు తరఫున ఏడున్నర లక్షల వరకు. బండి నడిపే ఓనరుకి విడిగా 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. మరి ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెనక సీటు మీద కూర్చుని వస్తుందే, ఒక చేత్తో పిల్లాణ్ణీ ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లనీ పట్టుకుని, ఆవిడకి? బైకు మీద ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే సున్నా. ఏడడుగులు నడిచి వచ్చిన మనిషి, ఆ పాలసీ లెక్కలో ఫస్టూ కాదు, సెకండూ కాదు, థర్డూ కాదు. ఇది ఏజెంటు చెప్పడు. మొగుడు అడగడు. హెల్మెట్ కూడా ఒకటే ఉంటుంది, అది ఆయన తలమీదే ఉంటుంది.

ఇక అసలే లేనివాళ్ల సంగతి. గాజువాక వైపు హైవే మీద షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికెళ్లే మనిషిని ఊహించుకోండి. ఇన్సూరెన్స్ లేని బండి గుద్ది ప్రాణం తీసి పారిపోయి, ఎవరో తెలియకపోతే, హిట్ అండ్ రన్ పథకం కింద ఆ ఇంటికి 2 లక్షలు వస్తాయి. గుద్దినవాడు పారిపోకుండా నిలబడి పేరు చెబితే ఆ 2 లక్షలు రావు. ట్రిబ్యునల్ వాడినే కట్టమంటుంది. వాడి దగ్గర ఏముంటుంది? ఓ చొట్టపడ్డ బుల్లెట్టు, నాలుగు వేల సైలెన్సరు! భర్త పోయిన ఆడమనిషి చేతిలో లక్షల ఆర్డరు పెట్టుకుని కూలి మానుకుని కోర్టు చుట్టూ తిరగాలి. ఆ కాగితం చూపిస్తే రేషన్ ఇస్తారా? స్కూల్లో ఫీజు కట్టించుకుంటారా? రోజుకి నాలుగు రూపాయలు పడని దాన్ని ఎగ్గొట్టి రోడ్డెక్కినవాణ్ణి 'కుర్రాడు, తెలీక' అంటారేమిటి మీరంతా? సైలెన్సర్ ఎక్కడ మారుస్తారో తెలిసింది కదా వాడికి!

సరే, గుద్దిన చోటికే మళ్లీ వద్దాం. మద్దిలపాలెంలో సిగ్నల్ పచ్చబడింది, వెనక ఆటోవాళ్లు హారన్లు మొదలెట్టారు. బుల్లెట్టు కుర్రాడికి నా మొహం చూసి జాలేసినట్టుంది.

"బాధపడకండి మాస్టారూ, మీ బండికి దిష్టి తగిలిందండి. ఆదివారం సంపత్ వినాయకుడి దగ్గరికి వచ్చేయండి, నేనూ వస్తాను. మీ స్కూటర్‌కి రెండు నిమ్మకాయలు పెట్టించేద్దాం. ఖర్చు నాదే."