‘బ్రిడ్జ్‌డ్ పెట్టు, రాకపోతే ఫార్మాట్ కొట్టు’ — పిల్లలకి ఈ సలహా ఇవ్వడం ఆపండి

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి మా అక్క కొడుకు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. అన్నం తిన్నావా అంటే తలూపాడు గానీ తిన్నట్టు లేడు. ఏటయిందిరా అన్నాను.

“మావయ్యా, వీఎంలో నెట్టు రాట్నేదు. సోమవారం ల్యాబ్ రికార్డు చూపించాలి.”

వీఎం అంటే వర్చువల్ మెషీన్, లాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. వీడు వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఉబుంటు లినక్స్ అలా నడుపుకుంటున్నాడు. అప్పటికి వాడు పడని పాట్లు లేవు. వీడియోలో చెప్పారని నెట్‌వర్క్ సెట్టింగ్ నాట్ నుంచి బ్రిడ్జ్‌డ్‌కి మార్చాడు. రాలేదు. సీనియర్ ఎవరో వీఎం తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాడు, ఆ రాత్రి వచ్చింది, పొద్దున్న మళ్లీ పోయింది. ఇంకొకరు ‘నీ ఐఎస్ఓ ఫైలే పాడయ్యుంటుంది, కొత్తగా దించుకో’ అన్నారు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ, అంటే దాన్ని ఎక్కించడానికి దించుకునే ఫైల్, 5 జీబీ పైనే ఉంటుంది. వాళ్లింట్లో కేబుల్ నెట్ లేదు, వైఫై రూటర్ లేదు. అమ్మ ఫోన్‌కి రోజుకి ఒకటిన్నర జీబీ, నాన్న ఫోన్‌కి ఒకటిన్నర జీబీ. ఇద్దరి కోటా రెండు రోజులు ఊడ్చి మరీ దించాడు. ఆ రెండు రోజులూ నాన్న కొట్లో ఫోన్‌తో డబ్బులు తీసుకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాడు. ఇంత చేస్తే మూడో రోజు పొద్దున్న మళ్లీ అదే కథ.

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, ఆ సలహాలు ఇచ్చినవాళ్ల మీద. పన్నెండేళ్లు సర్వర్ల దగ్గర పని చేసి, ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న మా పర్లాకిమిడి తిరిగొచ్చిన మనిషిని నేను. నెట్ రాకపోతే వీఎం చెరిపేసి మళ్లీ ఎక్కించడమే దారి అయిన సందర్భం అన్నేళ్లలో ఒక్కటీ చూళ్లేదు. కుళాయిలో నీళ్లు రాకపోతే ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టమని ఎవరైనా చెబుతారా? ముందు ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూస్తాం. తర్వాత వాల్వు, తర్వాత పైపు. ఇక్కడా చూడాల్సింది అంతే. ‘నెట్ రాట్లేదు’ అన్నది జబ్బు పేరు కాదు, ‘ఒంట్లో బాగోలేదు’ అన్నట్టు. ఎక్కడ నొప్పో అడగకుండా మందు ఇవ్వకూడదు.

ఈ నాట్, బ్రిడ్జ్‌డ్ అంటే ఏమిటో ఆ పిల్లాడికి ఒక్కరూ చెప్పలేదు. అందుకే ముందు అది చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

వీఎం మీ లాప్‌టాప్ ఇంట్లో ఒక గదిలో అద్దెకున్న మనిషి అనుకోండి. నాట్ అంటే ఆ మనిషికి కేరాఫ్ అడ్రస్. ఉత్తరాలన్నీ ఇంటి ఓనరు పేరు మీదే వెళ్తాయి, ఓనరు పేరు మీదే వస్తాయి, ఓనరు లోపలికి తెచ్చి ఇస్తాడు. బయటి వీధికి ఆ గదిలో మనిషి ఉన్నట్టే తెలీదు. లాప్‌టాప్‌కి ఏ దారిలో నెట్ వచ్చినా, అంటే వైఫై అయినా, హాట్‌స్పాట్ అయినా, యూఎస్‌బీ టెథరింగ్ అయినా, వీఎంకి మామూలుగా అదే సరిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో నాట్ పెడితే వీఎంకి దాదాపు ఎప్పుడూ వచ్చే అడ్రస్ 10.0.2.15. దాని గుమ్మం, అంటే గేట్‌వే, 10.0.2.2. ఈ రెండు నంబర్లూ గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

బ్రిడ్జ్‌డ్ అంటే ఆ గదికి వీధిలోకి వేరే తలుపు, వేరే డోర్ నంబరు. వీఎం నేరుగా రూటర్ దగ్గరికి వెళ్లి ‘నాకూ ఒక అడ్రస్ ఇవ్వు’ అని అడుగుతుంది. లాన్ కేబుల్ ఉన్నచోట ఇది చక్కగా నడుస్తుంది. వైఫైలో అసలు చిక్కు. మీ లాప్‌టాప్ హాట్‌స్పాట్‌కి కలిసినప్పుడు ఆ ఫోన్ లాప్‌టాప్ వైఫై కార్డు మ్యాక్ అడ్రస్‌ని, అంటే ఆ కార్డు గుర్తింపు నంబరుని, మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. వీఎం తన సొంత మ్యాక్ అడ్రస్‌తో డేటా పంపితే, గేటు దగ్గర వాచ్‌మెన్ తెలియని ముఖాన్ని ఆపేసినట్టు, ఫోన్ దాన్ని తీసుకోదు. వర్చువల్‌బాక్స్ ఆ మ్యాక్ అడ్రస్ మార్చి దాటించే ప్రయత్నం చేస్తుంది. కొన్నిచోట్ల దాటుతుంది, కొన్నిచోట్ల దాటదు. పైగా బ్రిడ్జ్‌డ్ పెట్టినప్పుడు ఏ కార్డుకి బ్రిడ్జ్ కట్టాలో కింద వేరేగా ఎంచుకోవాలి. అక్కడ కేబులే లేని ఈథర్‌నెట్ పోర్టు ఉండిపోతే నెట్ ఎలా వస్తుంది? పొద్దున్న వైఫైకి కట్టి మధ్యాహ్నం యూఎస్‌బీ టెథరింగ్‌కి మారినా అంతే, ఎవరూ లేని గుమ్మం ముందు నిలబడ్డట్టు.

బ్రిడ్జ్‌డ్ వద్దే వద్దని నేను అనడం లేదు. వీఎంలో సర్వర్ పెట్టి ఇంట్లో మిగతా మెషీన్ల నుంచి చూడాలంటే అదే సులువైన దారి. మీ లాప్‌టాప్ నుంచి మాత్రమే చూడాలంటే రెండో అడాప్టర్‌గా, అంటే వీఎంకి రెండో నెట్‌వర్క్ కార్డుగా, హోస్ట్ ఓన్లీ అనే సెట్టింగ్ పెట్టుకున్నా చాలు, 192.168.56తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. ల్యాబ్ రికార్డు రాసుకునే పిల్లాడికి, నాన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే పిల్లాడికి, మొట్టమొదటి మందుగా బ్రిడ్జ్‌డ్ రాసిచ్చేవాళ్లు మాత్రం వాడి ఇంట్లో ఏ నెట్ ఉందో ఒక్కసారైనా అడగాలి. ఆ వీడియోలు చేసేది ఇంటికి ఫైబర్, గోడకి రూటర్ ఉన్నవాళ్లు. మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశా టవర్, అటు పాతపట్నం వైపు ఆంధ్రా టవర్. మేడెక్కితే ఒక సిగ్నల్, దిగితే ఇంకో సిగ్నల్. ఇక్కడ మా నెట్ వేరు.

సరే, మా వాడి సంగతి. ముందు సెట్టింగ్ చూశాం. కొత్తగా ఎక్కించిన వీఎం కాబట్టి నాట్‌లోనే ఉంది. ఆ పక్కనే ‘కేబుల్ కనెక్టెడ్’ అనే టిక్ ఉందో లేదో చూశాం, ఉంది. వీఎంలో టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే విండో, తెరిచి అడ్రస్ చూడమన్నాను. 10.0.2.15. మంచిది. ఇక్కడ 169.254తో మొదలయ్యే నంబరు ఉన్నా, అసలు నంబరే లేకపోయినా వీఎంకి అడ్రస్ ఇచ్చేవాడే దొరకలేదని అర్థం, తప్పు వర్చువల్‌బాక్స్ సెట్టింగ్‌లోనో లోపలి కార్డు సెట్టింగ్‌లోనో వెతకాలి. తర్వాత 10.0.2.2కి పింగ్, అంటే ‘ఉన్నావా’ అని ఒక కేక. జవాబు వచ్చింది, గుమ్మం దాకా దారి బాగుంది. తర్వాత 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి, పింగ్. జవాబు వచ్చింది! వాడు కుర్చీలోంచి లేచాడు. “మావయ్యా, నెట్టు ఉందేటి మరి?” ఉందిరా, నెట్ ఎప్పుడూ ఉంది. ఇప్పుడు పేరుతో పింగ్ కొట్టు అన్నాను. గూగుల్ అని కొడితే పేరు దొరకలేదని చెప్పి ఆగిపోయింది.

మూడు రోజులు, 5 జీబీ డేటా, రెండు సార్లు ఫార్మాట్. తప్పు ఉన్నది పేర్ల దగ్గర. పేరు చెబితే నంబరు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ ఒక్కటే పలకడం లేదు. ఏ డీఎన్‌ఎస్‌ని అడుగుతోందో చూడమంటే స్క్రీన్ మీద కనిపించిన నంబరు 192.168.43.1.

ఆ నంబరు చూడగానే నాకు అర్థమయింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు హాట్‌స్పాట్ వేస్తే తమకి తాము పెట్టుకునే అడ్రస్ అది. “నాన్నది పాత ఫోనా?” అన్నాను. అవునన్నాడు. “నాన్న ఇంట్లో ఉన్నప్పుడు నెట్ వస్తోంది, కొట్టుకెళ్లాక పోతోంది, అంతేనా?” వాడు కాసేపు ఆలోచించి నోరు తెరిచాడు. అంతే. ఆ రోజూ నాన్న కొట్టు నుంచి ఇంకా రాలేదు, మా ఇంటికి తెచ్చింది అమ్మ ఫోనే. రాత్రిళ్లు నాన్న ఫోన్ మీద పని చేసుకుంటాడు. లాప్‌టాప్‌లో ర్యామ్ తక్కువ, వీఎం మళ్లీ మొదటినుంచి తెరవాలంటే పది నిమిషాలు. అందుకని షట్‌డౌన్ చెయ్యకుండా సేవ్ స్టేట్ పెట్టి, అంటే వీఎంని ఉన్నదున్నట్టు నిద్రపుచ్చి, పడుకుంటాడు. పొద్దున్న నాన్న పాతపట్నం కొట్టుకి ఫోన్ పట్టుకుపోతాడు. వీడు అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ వేసుకుని వీఎం లేపుతాడు. లాప్‌టాప్‌కి కొత్త ఫోన్ ఇచ్చిన కొత్త డీఎన్‌ఎస్ తెలుసు. నిద్ర లేచిన వీఎం మాత్రం రాత్రి రాసుకున్న 192.168.43.1నే పట్టుకుని వేలాడుతోంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల తలుపు కొడుతూ కూర్చున్నట్టు.

ఇది వర్చువల్‌బాక్స్ తప్పు కాదు. లాప్‌టాప్ వాడే డీఎన్‌ఎస్ అడ్రస్‌నే వీఎంకీ ఇవ్వడం దాని పద్ధతి. అప్పటికప్పుడు తోవ చాలా చిన్నది. వీఎంలో నెట్‌వర్క్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొత్త డీఎన్‌ఎస్ తెచ్చుకుంటుంది. పది సెకన్ల పని, పట్టింది కూడా అంతే. రోజూ ఆ తలనొప్పి లేకుండా ఇంకో మార్గం ఉంది. వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి, లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌తో పాటే వచ్చే వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో నాట్ డీఎన్‌ఎస్ హోస్ట్ రిజాల్వర్ అన్న ఆప్షన్ ఆన్ చేస్తే చాలు. అప్పటినుంచి వీఎం ఎప్పుడూ 10.0.2.3నే అడుగుతుంది, ఆ రోజు ఏ ఫోన్ ఉందో చూసుకునే పని లాప్‌టాప్‌దే. చేతిలో నెట్ రోజుకి రెండుసార్లు మారే ఇళ్లలో ఇది మొదటి రోజే పెట్టేయాలి.

ఇలాంటివే ఈ ఏడాది ఇంకా చూశాను. పక్కింటి అమ్మాయికి క్లాసులో పెన్‌డ్రైవ్‌లో వీఎం కాపీ చేసి ఇచ్చారు. తయారు చేసింది వర్చువల్‌బాక్స్‌లో, ఈ అమ్మాయి తెరిచింది వీఎంలు నడిపే ఇంకో ప్రోగ్రాం వీఎంవేర్‌లో. అక్కడ నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ0ఎస్3, ఇక్కడ ఈఎన్ఎస్33. లోపల నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగ్ ఫైల్లో పాత పేరే ఉండిపోయింది. ఒక్క పదం మార్చాం. ఇంకొక అబ్బాయి కాలేజీ ల్యాబ్‌లో పెట్టిన ప్రాక్సీ సెట్టింగ్‌తోనే, అంటే బ్రౌజర్‌ని కాలేజీ సర్వర్ మీదుగానే పంపే సెట్టింగ్‌తోనే, వీఎం ఇంటికి తెచ్చుకున్నాడు. పింగ్‌లన్నిటికీ జవాబు వస్తోంది, బ్రౌజర్ మాత్రం కదలదు. ప్రాక్సీ తీసేస్తే అయిపోయింది. వారం రోజులు సేవ్ స్టేట్‌లో ఉన్న వీఎం తెరిస్తే గడియారం వారం వెనక్కి ఉండిపోయిన సంగతి కూడా ఉంది. సర్టిఫికెట్ చెల్లదంటుంది, అప్‌డేట్ చెయ్యబోతే రిలీజ్ ఫైల్ ఇంకా అమల్లోకి రాలేదంటుంది. చూసేవాళ్లకి నెట్ లేనట్టే ఉంటుంది. టైము సరిచేస్తే చాలు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ రోజు డేటా కోటా మిగిలి ఉందా? కోటా అయిపోతే చాలా ప్లాన్లలో నెట్ పూర్తిగా పోదు, వేగం 64 కేబీపీఎస్‌కి, అంటే నత్తనడకకి, పడిపోతుంది. పింగ్‌కి జవాబు వస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఉబుంటు వెనకాల తనంతట తాను అప్‌డేట్లు దించుకుంటుంది, లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ కూడా అంతే. పిల్లాడు పుస్తకం తెరిచేలోపే ఆ రోజు కోటా తాగేస్తాయి. విండోస్‌లో ఆ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్ అని పెట్టండి, వీఎంలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి మీరే తీరిక చూసుకుని చేసుకోండి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మా వాడు బళ్లో ఒడియాలో చదివాడు, ఇంట్లో తెలుగు, కాలేజీ పుస్తకం ఇంగ్లీషు, చూసే వీడియో హిందీ. నాలుగు భాషలు వచ్చిన పిల్లాడు. కానీ ‘గేట్‌వే అంటే ఏటి’ అని అడిగితే ఏ భాషలోనూ చెప్పలేకపోయాడు. వీధి, గుమ్మం, కేరాఫ్ అడ్రస్ అని చెబితే ఐదు నిమిషాల్లో అర్థమైంది, తర్వాత పింగ్‌లన్నీ వాడే కొట్టాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పోరాడిన మనిషి, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకున్న మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని అందరం ఆయన ఫొటోకి పూలదండలు వేస్తాం. ఆయన నడిచిన ఊళ్లో ఒక పిల్లాడికి డీఎన్‌ఎస్ అంటే ఏమిటో మన మాటల్లో చెప్పడానికి మనలో చదువుకున్నవాళ్లకి తీరిక లేదు. ‘బ్రిడ్జ్‌డ్ పెట్టు’ అని రెండు ముక్కలు పడేయడానికి మాత్రం అందరికీ తీరిక ఉంది. నాకూ ఇన్నేళ్లు తీరిక లేదు. అందుకే ఈ పోస్ట్ రాస్తున్నాను.

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఎక్కడివాళ్లయినా వీఎంలో నెట్ రాకపోతే నాకు రాయండి. ‘నెట్ రాట్లేదు’ అని మాత్రం రాసి వదలకండి. లాప్‌టాప్‌కి నెట్ ఏ దారిలో వస్తోంది, కోటా మిగిలి ఉందా, వీఎంలో కనిపించే అడ్రస్ ఎంత, గేట్‌వేకి పింగ్ కొడితే జవాబు వస్తోందా, 8.8.8.8కి కొడితే వస్తోందా, పేరుతో కొడితే ఏమంటోంది, ఇవి రాయండి. కొన్ని కాలేజీల్లో పింగ్ ఆపేస్తారు, అలాంటిచోట ఉంటే ఆ మాట కూడా చెప్పండి. తెలుగులోనే రాయండి, తప్పులున్నా పర్లేదు. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాను. అప్పటిదాకా దేన్నీ ఫార్మాట్ కొట్టకండి.