అంబులెన్స్ వచ్చేలోపే తేలిపోయే లెక్క

జిమ్‌లో ఒకరు, పెళ్లి బరాత్‌లో ఒకరు 'గుండెపోటుతో కుప్పకూలి మృతి' అని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఆ ఒక్క మాటతో రెండు వేరు సంగతులను కలిపేస్తున్నాం. గుండెపోటు అంటే గుండెకు వెళ్లే రక్తనాళం మూసుకుపోవడం. మనిషికి నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నా చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె ఆగిపోవడమే. క్షణాల్లో స్పృహ పోతుంది. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు. కానీ మొదటిదానికి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, రెండోదానికి ఉన్నచోటే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి.

ఆగిపోయే ముందు చాలాసార్లు గుండె లయ తప్పి గిలగిలలాడుతుంది; దాన్ని కరెంటు షాక్ దారిలో పెట్టగలదు. సీపీఆర్ (అలా ఛాతీ నొక్కడం) గానీ షాక్ గానీ అందకపోతే, నిమిషం గడిచే కొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఎంత మంచి అంబులెన్స్ అయినా ట్రాఫిక్‌లో ఐదు నిమిషాల్లో రావడం కష్టం. అందుకే వయసు, పాత జబ్బుల సంగతి ఎలా ఉన్నా, పడిపోయినప్పుడు పక్కన ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న అంటాను.

అమెరికాలోని లాస్ వెగాస్ కేసినోల్లో సెక్యూరిటీ గార్డులకు షాక్ మెషీన్లు (ఏఈడీ) ఇచ్చి చూశారు. గుండె లయ తప్పి కళ్లముందే పడిపోయినవాళ్లలో, 3 నిమిషాల్లోపు షాక్ అందినవారు 74 శాతం బతికారు. ఆ తర్వాత అందినవారిలో 49 శాతమే. జూదశాలలో నలువైపులా కెమెరాలుంటాయి కాబట్టి ఆ అంకె ఊళ్లో రాదు. ఊళ్ల సంగతికి డెన్మార్క్ నయం. అక్కడ 2005లో బడిలో సీపీఆర్ తప్పనిసరి చేశారు, ఆ మరుసటేడు డ్రైవింగ్ లైసెన్సుకూ ముడిపెట్టారు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లలో 2001లో ఐదుగురిలో ఒకరికి పక్కనున్నవాళ్ల నుంచి అందిన సీపీఆర్, 2010 నాటికి దాదాపు సగం మందికి అందింది. నెల రోజులకు బతికున్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అంబులెన్సులు, ఆస్పత్రులు మెరుగుపడటం కూడా అందులో ఉందిలెండి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి ఒకతన్ని బతికించిన వీడియో అందరూ చూశారు. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే. కానీ గుండె ఆగేది ఎక్కువగా చౌరస్తాలో కాదు, ఇంట్లో. అక్కడ ఉండేది భార్యో, కోడలో, ఇంటర్ చదివే పిల్లాడో.

ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ముఖం మీద నీళ్లు చల్లుతారు, ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు, నోట్లో తులసి తీర్థం పోస్తారు. అన్నిటికన్నా మోసం చేసేది ఎగశ్వాస. గుండె ఆగాక కూడా కాసేపు ఎక్కిళ్లలా ఊపిరి లాగుతుంటారు. 'ఊపిరి ఆడుతోంది కదా' అని చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోతారు. పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా లేకుంటే నొక్కడమే. పడిపోయింది ఆడమనిషైతే ముట్టుకోవడానికి జంకు మరీ ఎక్కువ.

దీనికి ఇంటింటికీ శిక్షణ దాకా ఆగక్కర్లేదు. సియాటెల్ ప్రాంతంలో 1980లలోనే ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తినవాళ్లు సీపీఆర్ ఎలా చేయాలో చెప్పడం మొదలుపెట్టారు. మన 108 నడుస్తున్నది 2005 నుంచి. అక్కడికి వచ్చే ప్రతి ఇలాంటి ఫోన్‌కూ అడ్రసు రాసుకున్న వెంటనే వినిపించాల్సిన మాట ఇది: 'స్పీకర్ ఆన్ చేసి ఫోన్ కింద పెట్టండమ్మా. ఆయన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కండి, నేను లెక్కపెడుతుంటాను.'