లేఖనానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది?

తెలుగు క్రైస్తవ సంఘాల్లో సిద్ధాంత వివాదం ఏది తలెత్తినా, చివరికి ‘ఇది బైబిల్లో ఎక్కడుంది?’ అన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. అయితే బైబిలుకు అధికారం ఉందన్న సంగతిని కథోలికులు, ఆర్థడాక్సులు, ప్రొటెస్టెంట్లు అందరూ ఒప్పుకుంటారు. ఆ గ్రంథంలో ఏ పుస్తకాలు ఉండాలి, వాటికి అర్థం ఎవరు చెప్పాలి, చెప్పిన అర్థం తప్పైతే దిద్దేదెవరు అన్న చోటే వాళ్లు విడిపోయారు. లేఖనం, సంప్రదాయం, బోధనాధికారం (సిద్ధాంతాన్ని అధికారికంగా చెప్పడానికి సంఘ పెద్దలకున్న అధికారం), తర్కం, అనుభవం అనే మాటలు దైవశాస్త్రంలో ఇంత బరువు సంతరించుకున్నది ఈ తగాదా వల్లనే.

1521లో జర్మనీలోని వర్మ్స్‌లో చక్రవర్తి జరిపిన సభ ముందు నిలబడిన సంస్కర్త మార్టిన్ లూథర్, లేఖనాల సాక్ష్యంతోనో స్పష్టమైన తర్కంతోనో తనను ఒప్పిస్తే తప్ప తన రాతలను వెనక్కి తీసుకోనని, పోపులూ, బిషప్పులు కూడే మహాసభలూ పలుమార్లు పొరబడిన సంగతి అందరికీ తెలిసిందేనని అన్నాడు. ‘లేఖనం మాత్రమే’ అన్న సంస్కరణవాద సూత్రానికి ఈ మాటలే ప్రతీకగా నిలిచాయి. కానీ అదే లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని (సంఘం తన నమ్మకాన్ని క్లుప్తంగా చెప్పుకునే ప్రాచీన పాఠాన్ని) మధ్యలో పెట్టి పిల్లలకు నేర్పించాడు. తర్వాతి లూథరన్ పండితులు దీన్ని సూటిగా వివరించారు: లేఖనం అన్నిటినీ కొలిచే ప్రమాణం, విశ్వాస ప్రమాణాలు, ఒప్పుకోలు పత్రాలు ఆ లేఖనంతో సరిచూసి నిలబెట్టుకున్న ప్రమాణాలు. మొదటిదాన్ని కొలవడానికి మరొకటి లేదు, రెండోవాటిని ఎప్పుడైనా మళ్లీ సరిచూడవచ్చు. అంటే, పూర్వికులు చదివిన తీరును పక్కనబెట్టి ప్రతి ఒక్కరూ ఒంటరిగా బైబిలు తెరిచి తోచిన అర్థం చెప్పుకోవచ్చని ఆ సూత్రం ఏనాడూ చెప్పలేదు.

కథోలిక శ్రీసభ 1546లో ట్రెంట్ మహాసభలో దీనికి జవాబిచ్చింది. లేఖనాలనూ అపొస్తలుల నుంచి వచ్చిన అలిఖిత సంప్రదాయాలనూ సమానమైన భక్తితో స్వీకరిస్తున్నానని ప్రకటించి, బైబిలు పుస్తకాల జాబితాను ఖరారు చేసింది. కథోలికుల బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 ఉండటం తెలుగులోనూ కనిపించే తేడానే. 1870లో మొదటి వాటికన్ మహాసభ, పోపు తన పీఠాధికారంతో విశ్వాస, నైతిక విషయాలపై చేసే నిర్ణాయక ప్రకటన పొరబాటుకు అతీతమని నిర్వచించింది. దీన్ని పోపు నోట వచ్చే ప్రతి మాటకూ అంటగట్టడం సరికాదు. 1965లో రెండో వాటికన్ మహాసభ, బోధనాధికారం దైవవాక్యానికి పైన ఉండేది కాదని, దానికి సేవ చేసేదని స్పష్టం చేసింది.

ప్రొటెస్టెంట్లు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. మనం నేడు చదివే కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ, వాటికి మించి వేరేవి లేకుండా, ఒకే జాబితాగా మనకు మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ రాసిన ఈస్టరు లేఖలో. సంఘం ఆ పుస్తకాలకు అధికారాన్ని ఇవ్వలేదు, ఉన్న అధికారాన్ని గుర్తించింది అని సంస్కర్తలు చెప్పిన సమాధానం బలమైనదే. అయినా గుర్తించింది మాత్రం ఆరాధనలో, చర్చలో శతాబ్దాలు గడిపిన ఒక సంఘమే కదా! ఇక్కడ సంప్రదాయానికి ఏ పాత్రా లేదనడం చరిత్రకు నిలవదు.

మన దగ్గర సంప్రదాయం పేరు చెప్పకుండానే బతుకుతోంది. నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే పలు తెలుగు ప్రొటెస్టెంట్ కుటుంబాలు దానికి వచనం వెతకవు. నాకు అందులో తప్పు కనిపించదు. ఆందోళన కలిగించేది మరొకటి: ‘మాకు బైబిలు తప్ప వేరే ప్రమాణం లేదు’ అని చెప్పే కొన్ని స్వతంత్ర సంఘాల్లో ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అన్న దైవజనుడి మాటే చివరి మాటగా మారడం. పేరుకు అది లేఖనాధికారం, నడిచేది ఒక వ్యక్తి అనుభవానికి దక్కిన అధికారం. పోపుకు వ్యతిరేకంగా 1521లో లూథర్ వినిపించిన అభ్యంతరాన్ని ఇక్కడ ఎవరూ వినిపించే వీలుండదు, ఎందుకంటే ఇక్కడ మహాసభ లేదు, సినడ్ (సంఘ ప్రతినిధుల సభ) లేదు, సరిచూసుకోవడానికి రాసి పెట్టుకున్న విశ్వాస ప్రమాణం కూడా లేదు. అనుభవాన్ని తీసిపారేయాలని నేను అనడం లేదు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ దానికి గౌరవస్థానమిచ్చాడు, కానీ తనను ‘ఒకే గ్రంథపు మనిషి’గా చెప్పుకొని ఆ అనుభవాన్ని లేఖనానికి లోబరిచాడు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసిన ఆ సంఘం తన నిబంధనావళిలో లేఖనాలను విశ్వాసానికి అత్యున్నత, నిర్ణాయక ప్రమాణంగా అంగీకరించి, అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణాలను స్వీకరించింది. ఆ లేఖనాల బోధ ప్రకారం తనను తాను దిద్దుకోవడానికి సంఘం ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలని కూడా రాసుకుంది. దోర్నకల్, మెదక్ డయోసిస్‌లు ఈ ఒప్పందంలో భాగమే. ఆచరణలో లోపాలుంటే, విశ్వాసి నిబంధనావళిలోని ఆ మాటనే చూపించి ప్రశ్నించవచ్చు. స్వతంత్ర సంఘాలు కూడా తాము ఏం నమ్ముతున్నాయో, తమ కాపరి ఎవరికి జవాబుదారీయో కాగితం మీద పెట్టి, బాప్తిస్మానికి సిద్ధమయ్యే ప్రతి ఒక్కరి చేతికీ ఆ ప్రతి ఇవ్వాలి.