కనుమ మర్నాడు ఫ్రిజ్జు గారికి

మహారాజశ్రీ ఫ్రిజ్జు గారికి,

విశాఖపట్నంలో మూడు రోజులు సంక్రాంతి వంటలు వండి, గిన్నెలు ఇంకా తోముతూనే ఉన్నవాళ్ళం రాసుకున్న విన్నపం.

పండగ రోజుల్లో ఈ ఊరి జనానికి మీ మీదున్న గురి సింహాద్రి అప్పన్న మీద కూడా ఉండదేమో. పదిమందికి వండాల్సిన చోట ఇరవై మందికి వండటం, మిగిలిందంతా మీ పాలబెట్టి "ఫ్రిజ్జులో పెట్టీ, రేపు చూద్దాం" అనడం. ఆ రేపు ముక్కనుమ దాటి, చుట్టాలు రైలెక్కి, పిల్లలు బడికెళ్ళాక వస్తుంది. అప్పుడు మూత తీసి వాసన చూసి మిమ్మల్ని తిడతాం. అయినా తప్పు మీ దగ్గరా ఉంది. చేతకాని పని చేతకాదని ఒక్కసారైనా అన్నారా?

పులిహోర సంగతే చూడండి. కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు, అన్నం పలుకుగా వార్చి, పళ్ళెంలో ఆరబోసి, పసుపూ పచ్చి నూనే పట్టించి, నూనె పైకి తేలేదాకా పులుసు ఉడికించి కలిపిన పులిహోర. ఆ పైన ఆవ. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు చన్నీళ్ళతో నూరి, అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. ఇంత చాకిరీ చేసి మీకప్పగిస్తే మర్నాటికి మీరిచ్చేది మేకులు. అన్నంలో పిండిపదార్థం గదిలో కన్నా మీ నాలుగు డిగ్రీల చలిలోనే తొందరగా బిగుసుకుంటుందని మీకు తెలీదా? చింతపండు, ఉప్పు, నూనె కాపలా ఉండగా పొద్దున్న కలిపిన పులిహోర రాత్రి దాకా బయటే నిక్షేపంగా ఉంటుంది. తప్పనిసరై మీలో పెడితే, నీళ్ళు చిలకరించి మూతపెట్టి మూడు నిమిషాలు ఆవిరి పట్టాలి. మెతుకు మెత్తబడుతుంది, ఆవ ఘాటు మాత్రం తిరిగి రాదు.

ఉత్త అన్నం దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. నిజంగా మీ అవసరం ఉన్నది దానికే, మేం పొయ్యి మీద వదిలేసేదీ దాన్నే. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి (బాసిల్లస్ సీరియస్ అంటారు) విత్తులు ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలిచి విషం పెడతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాల్లో పల్చగా సర్ది మీకు చేర్చాలి. పాత తరవాణి (పులిసిన అన్నపు నీళ్ళు) పోసి రాత్రి పులియబెట్టే అమ్మమ్మల పద్ధతి వేరు. దాన్ని పొయ్యి మీద మర్చిపోయిన అన్నంతో కలిపి "చద్దన్నం మంచిదే కదా" అనకూడదు.

ఇక కనుమ నాటి మాంసం. మూడు కిలోల వేటకూర, ఇంకా పొగలు కక్కుతుండగా, గిన్నెతో సహా మీ మధ్య అరలోకి తోసేస్తాం. పైన చల్లబడ్డట్టే ఉంటుంది, అడుగున అర్ధరాత్రి దాటినా వెచ్చగానే ఉంటుంది. పక్కనున్న పాలకీ పెరుగుకీ కూడా ఆ సెగ తగులుతుంది. దానికి తోడు వెనక గాలొచ్చే చిల్లులకి లడ్డూల డబ్బా అడ్డం. మీరు పాపం ఆ డబ్బా వెనకున్న కొత్తిమీరని గడ్డకట్టించి, మాంసాన్ని వదిలేస్తారు. గిన్నెని చన్నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి కలుపుతూ ఉంటే అరగంటలో వేడి దిగుతుంది. తర్వాత రెండంగుళాల లోతు డబ్బాల్లోకి తీసి, మధ్యలో వేలు దూరేంత సందు ఉంచితే మీ పరువూ మా కడుపూ దక్కుతాయి.

కనుమకి మినుము కొరకాలంటారు. కొరికినవి పోను కిలో పప్పు గారెల్లో ఇరవై అయినా మిగులుతాయి. మీలో పెడితే తోలు చెప్పులే. వేడి ఉప్పునీళ్ళలో ఐదు నిమిషాలు ముంచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా వత్తి, చిలికిన కమ్మటి పెరుగులో వేసి అప్పుడివ్వాలి. పోపు చల్లారాకే పెట్టాలి, వేడిగా పోస్తే పెరుగు విరుగుతుంది. మూడు గంటలకి ఆవడలు తయారు. ఇంత బాగా చేసే పని మీ చేతిలో ఇదొక్కటే, ఒప్పుకుంటున్నాం.

దప్పళం రుచికి మీ చలవ అక్కర్లేదు, మర్నాటికి అదే పెరుగుతుంది. రాత్రికి మీలో ఉంచి, పొద్దున్న తెర్లేలా మరగకాస్తే చాలు. కొబ్బరి పచ్చడి బాధ్యత మీదే, అదీ ఒక్కరోజుకి. అనకాపల్లి బెల్లంతో పాకం పట్టిన అరిసెలకి మాత్రం మీ నీడ కూడా పడకూడదు. ఆవిరి పోయేదాకా చల్లార్చి స్టీలు డబ్బాలో పెట్టేవి అవి. మీలోకొస్తే కొయ్యలే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయాక ఈ ఊళ్ళో మీ జాతంతా వాసనొచ్చే బీరువాలైన సంగతి మేం మర్చిపోలేదు. తలుపు తియ్యకుండా ఉంచినా మీ చలి నాలుగు గంటలు. ఆ తర్వాత మీకూ గోడకున్న అలమారాకీ తేడా ఏటి? సముద్రపు గాలికి మీ కాళ్ళకి తుప్పు, తలుపు రబ్బరుకి బూజు ఎలాగూ తప్పవు. కనీసం తలుపులో కాగితం పెట్టి మూసి లాగితే, అది ఊడిరాకుండా పట్టుకునే శక్తైనా వచ్చే పండగ దాకా నిలుపుకోండి.

ఇట్లు,
మీ మీద భారం వేసి నిద్రపోయేవాళ్ళం

తా.క. పై అరలో ఉన్న మాడుగుల హల్వా పొట్లం బయటికి తీసేశాం. మీ చలికి దాని నెయ్యి మైనంలా గడ్డకట్టింది. అది మళ్ళీ లోపలికి రాదు. దాని సంగతి ఈ సాయంత్రానికల్లా మేం చూసుకుంటాం.