ఉష్ణం పాఠానికి ఎండ తగలకూడదు

మా అనంతపురంలో కొందరు సైన్సు టీచర్లకు ఈమధ్య ఒక ప్రమాదకరమైన ఆలోచన పుట్టింది. ఉష్ణం పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేతికి థర్మామీటరు ఇవ్వాలట. తరగతి గదిలో ఎంత వేడి ఉందో వాళ్లనే కొలవమనాలట. కొలిచింది నోటుబుక్కులో రాసుకోమనాలట. విద్యాభివృద్ధిని కోరే బాధ్యత గల పౌరుడిగా దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. కర్నూలు, కడప పెద్దలు కూడా నాతో గొంతు కలుపుతారనే నమ్మకం ఉంది. ఎవరి ఊళ్లో ఎండ ఎక్కువన్న దాంట్లో మనకు ఎన్ని పోటీలున్నా, పిల్లలకు దాని లెక్క తెలియకూడదన్న దాంట్లో మాత్రం మనం ఎప్పుడూ ఒక్కటే.

ముందు థర్మామీటరు హోదా ఏమిటో తెలుసుకోవాలి. బడికి థర్మామీటరు ఉండాలి, అంతే. స్టాక్ రిజిస్టరులో దానికో వరుస నంబరు ఉంటుంది. వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లు "థర్మామీటర్లు?" అని అడుగుతారు, "ఉన్నాయి సార్" అంటారు, టిక్కు పడుతుంది. పిల్లల చేతికిస్తే పగులుతుంది. పగిలితే రిజిస్టరులో రాయాలి. రాస్తే ఎందుకు పగిలిందో చెప్పాలి. ప్రయోగం చేస్తుంటే పగిలిందని చెబితే, అసలు ప్రయోగం ఎందుకు చేశారని అడుగుతారు. ఈ వ్యవహారం ఎందాకా పోతుందో అనుభవజ్ఞులకు తెలుసు కాబట్టే దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువా పడమటి గోడకు ఆనుకుని ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ చీకట్లో పాదరసం ఎక్కడిదాకా పాకుతుందో దానికే తెలియాలి.

ఇక పాఠం. ఒకే చోట చాలాసేపు ఉన్న ఇనుమూ చెక్కా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా ముట్టుకుంటే ఇనుమే ఎక్కువ చల్లగా తోస్తుంది, మన చేతిలోని వేడిని అది త్వరగా లాక్కుంటుంది కాబట్టి. మాస్టారు ఈ మాట చెప్పి ముగించకముందే కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు లేస్తాడు.

"సార్, ఈ ఊచ పట్టుకుంటే సుర్రుమంటా ఉంది సార్."

"చల్లగా ఉంటుంది అని రాసుకో నాయనా."

"కాలతాంది సార్, నిజంగా."

"పరీక్షలో కాలదు. రాసుకో."

ఆ మాస్టారి నిగ్రహాన్ని మెచ్చుకోవాలి. గది 41 డిగ్రీలకు చేరినప్పుడు, 37 డిగ్రీల దగ్గరుండే మన ఒంట్లోకి ఇనుమే వేడిని పంపుతుంది, చెక్క కంటే త్వరగా పంపుతుంది. కాబట్టి అక్కడ ఇనుమే ఎక్కువ వేడిగా తోస్తుంది. ఊచకు ఎండ కూడా తగిలితే ఇక చెప్పనక్కర్లేదు. అంటే ఆ పిల్లవాడు పట్టుకున్నది అదే సూత్రాన్ని, తిరగేసి. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుందన్న సంగతి ఒక్క ఊచతో తేలిపోతే మిగతా పీరియడంతా ఏం చెప్పాలి? పైగా పేపర్లు దిద్దేవారి దగ్గరున్న కీలో "చల్లగా" అని ఉంటుంది. రాష్ట్రమంతటికీ ఒకటే కీ. అరకు పిల్లలకు ఒక ఊచ, గుంతకల్లు పిల్లలకు ఒక ఊచ అంటే పరీక్షల విభాగం ఏమైపోవాలి?

అణుచలన సిద్ధాంతం దగ్గర మా జిల్లా ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. పదార్థంలోని కణాలు ఎప్పుడూ కదులుతుంటాయనీ, వేడి పెరిగేకొద్దీ జోరందుకుంటాయనీ చూపించడానికి టీచర్లు పిల్లలనే కణాలుగా వాడుకుంటారు. ప్రార్థనలో వరుసగా నిలబడితే ఘనం, తరగతిలో తోసుకుంటే ద్రవం, గంట కొట్టగానే గేటు దాటిపోతే వాయువు. జూన్, జులైలలో ఈ ఉపమానం చక్కగా నడుస్తుంది. మార్చి నెలాఖరుకు బెడిసికొడుతుంది. పొద్దున ఎగిరెగిరి పడిన కణాలు 38 దాటగానే మందగిస్తాయి. 40 దగ్గర బెంచీ మీద తల వాల్చి ఘనీభవిస్తాయి. వేడి పెరిగితే గడ్డకట్టే పదార్థం రాయలసీమ బడుల్లో తప్ప ఎక్కడా కనపడదు. (కోడిగుడ్డు ఒకటుంది గానీ, అది మధ్యాహ్న భోజనం కిందికి వస్తుంది.)

ఎండలు ముదిరాక ఒంటిపూట బడులు పెడతారు. దీని వెనక ఉన్న బోధనా పద్ధతిని ఎవరూ గుర్తించలేదు. పన్నెండున్నర దాకా నీడలో ఉష్ణం చదివించి, సరిగ్గా ఎండ నెత్తి మీదికి వచ్చాక ప్రాక్టికల్స్‌కు పంపుతారు. రోజు మొత్తంలో గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య వస్తుంది కాబట్టి, ప్రాక్టికల్స్ పూర్తిగా అందాలంటే ఇల్లు కాస్త దూరంగా ఉండాలి. పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ సదుపాయం ఉంది.

అయినా ఇంత గొడవ దేనికి? లెక్క చూద్దాం. 30 డిగ్రీల దగ్గర గాలిలోని నైట్రోజన్ అణువుల వేగం, వర్గ మధ్యమ మూలం (అంటే వేగాల వర్గాల సగటుకు వర్గమూలం) కడితే, సెకనుకు సుమారు 520 మీటర్లు. 45 డిగ్రీల దగ్గర కడితే సుమారు 532. అణువులు సున్నాను మనలాగా ఐసుగడ్డ దగ్గర మొదలుపెట్టవు, మైనస్ 273 దగ్గర మొదలుపెడతాయి. వాటి లెక్కలో 30 అంటే 303, 45 అంటే 318. వేగమేమో ఆ అంకె వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంతా కలిపి పెరిగింది నూటికి రెండున్నర. డీఏ ఇంత తక్కువ పెంచితే ఉద్యోగ సంఘాలు ధర్నాకు దిగుతాయి. గాలి అణువులు మాత్రం ఆ కాస్త పెంపుతోనే సర్దుకుపోతున్నాయి. పిల్లలకేం తక్కువైంది?

ఇక్కడే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వస్తుంది. రెండున్నర పాళ్లకే నాకెందుకు సార్ ఇట్లా కళ్లు తిరుగుతాన్నాయి అని. ఇలాంటి ప్రశ్నలకు పరీక్ష పేపరు బ్లూప్రింటులో వెయిటేజీ లేదు. జవాబు మాత్రం ఉంది, అదీ కణాల దగ్గరే ఉంది. గాలి 37 డిగ్రీల లోపు ఉన్నంతసేపు మన ఒంటి వేడి గాలిలోకి పోతుంది. అది దాటితే గాలే మనకు వేడిని పెడుతుంది. అప్పుడు మిగిలేది చెమట ఒక్కటే. చెమట పైపొరలో అన్నిటికన్నా జోరుగా ఉన్న అణువులు ఎగిరిపోతాయి. మిగిలినవాటి సగటు జోరు పడిపోతుంది, అంటే చల్లబడుతుంది. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 540 కాలరీలు కావాలి, ఒంటి మీద ఆవిరైతే ఇంకాస్త ఎక్కువే. ఫ్యాను గాలిని చల్లబరచదు. దాని మోటారు గదికి ఇంకొంచెం వేడినే జోడిస్తుంది. అది చేసేదల్లా తేమ నిండిన గాలిని ఒంటి మీది నుంచి తోసేయడం. కరెంటు పోతే ఆ తోపూ ఉండదు, కళ్లు తిరుగుతాయి. ఇదంతా చెబితే పిల్లవాడికి పాఠం అర్థమైపోతుంది. ఆ తర్వాత వాడు గదికి కిటికీలు ఎన్ని అని లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఆ నష్టానికి ఎవరు బాధ్యులు?

ఈ విజ్ఞానం బడి బయట అనధికారికంగా చలామణిలో ఉండటం ఇంకా ఆందోళన కలిగించే విషయం. సాయంత్రం అయ్యేసరికి ఊళ్లో జేజిలు మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు చల్లుతారు. నాపరాయి పగలంతా తాగిన వేడిని రాత్రి మన వీపుకు అప్పగించకముందే, ఆవిరయ్యే నీళ్లకు అప్పగించేస్తారు. కుండను ఇసుక మీద పెట్టి తడిగుడ్డ చుడతారు. గాలి పొడిగా ఉండే మన దగ్గర కూలరు బాగా పనిచేస్తుందనీ, సముద్రం ఒడ్డునున్న చుట్టాలింట్లో అదే కూలరు ఉక్క పెంచుతుందనీ బాష్పీభవనం పేరు కూడా ఎత్తకుండా చెప్పేస్తారు. ఇక టవర్‌క్లాక్ దగ్గర నన్నారి బండి అతను. ఐసుగడ్డను రంపపు పొట్టులో పెట్టి, పైన గోనెసంచి కప్పుతాడు. సున్నా డిగ్రీల నీళ్లకంటే సున్నా డిగ్రీల ఐసే గ్లాసును ఎక్కువ చల్లబరుస్తుందని అతనికి రూపాయల్లో తెలుసు. ఆ తేడా, అంటే ఐసు కరగడానికి పట్టే వేడి, గ్రాముకు 80 కాలరీలనీ, దాని పేరు ద్రవీభవన గుప్తోష్ణమనీ మాత్రం తెలియదు. బడికి పిలిపిద్దామా అంటే అతనికి బీఈడీ లేదు. పరీక్షలో ద్రవీభవన గుప్తోష్ణం నిర్వచనం రాసి మార్కు తెచ్చుకున్న పిల్లవాడు సాయంత్రం అతని దగ్గరే షర్బత్ తాగుతాడు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేకుండా చూడటం మన విద్యావ్యవస్థ సాధించిన ఘనత.

చరిత్ర కూడా మన బీరువా పక్షానే ఉంది. 1845లో బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ కేడెట్లకు పాఠాలు చెప్పుకునే జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లాండు మాస్టారు ఒక వ్యాసం రాసి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి పంపాడు. వాయువులోని అణువులు ఎడతెగకుండా పరుగెడుతుంటాయనీ, వాటి వేగాల వర్గాల సగటును బట్టే ఉష్ణోగ్రత ఉంటుందనీ దాని సారం. బొంబాయి ఉక్కలో కూర్చున్న మనిషికి అణువులు పరుగెడుతున్నట్టు తోచడం సహజమే. లండన్ చలిలో వాటికా అవసరం ఏముంది? దాన్ని చదివి అభిప్రాయం చెప్పాల్సిన పెద్దమనిషి, ఇది ఒట్టి అర్థంలేని రాత, సభలో చదవడానికి కూడా పనికిరాదని తేల్చేశాడు. వ్యాసం సొసైటీ వాళ్ల పాత కాగితాల్లో చేరింది. ఈలోగా 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్తలు అదే దారిలో రాసి పేరు తెచ్చుకున్నారు. వాటర్‌స్టన్ 1883లో పోయాడు. 1891లో సొసైటీ కార్యదర్శి లార్డ్ రేలీ ఆ కాగితాలు తిరగేస్తుంటే వ్యాసం బయటపడింది, 1892లో అచ్చయింది. ఒక బడి మాస్టారు వేడి గురించి సొంతంగా ఆలోచిస్తే ఏం చేయాలో రాయల్ సొసైటీ అంతటిది చేసి చూపించింది. బీరువాలో నలభై ఆరేళ్లు. మన థర్మామీటర్లకు ఇంకా అంత సర్వీసు రాలేదు.

ప్రభుత్వాలు కూడా తమ వంతు చేస్తున్నాయి. ఒకప్పుడు పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో మొదటి పాఠమే ఉష్ణం. కొత్త పుస్తకాలు వచ్చాక అది పదో తరగతి నుంచి తప్పుకుంది. ఎండ మాత్రం ఇంకా బదిలీ ఆర్డరు తీసుకోలేదు. వాతావరణ శాఖ వారి లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. మైదాన ప్రాంతంలో వడగాలి అనాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ కావాలి, లేదా నేరుగా 45 కొట్టాలి. మామూలే 40 ఉన్న ఊళ్లో 44 నమోదైతే అది వడగాలి కిందికి రాదు. అలవాటు పడ్డవాళ్లకు రాయితీలు ఉండవు.

ఇన్ని చెప్పినా థర్మామీటరు బయటికి తీయాల్సిందే అని టీచర్లు మొండికేస్తే, నాదొక మధ్యేమార్గం. పుస్తకాల్లో "గది ఉష్ణోగ్రత వద్ద" అనే మాట తరచూ వస్తుంది. దానికి 25 డిగ్రీలని లెక్క వేయడం పరిపాటి. ఆ మాటను చట్టంగా తీసుకుందాం. పిల్లలు థర్మామీటరు పట్టుకుని గది కొలవవచ్చు. 25 వస్తే పూర్తి మార్కులు. 41 వస్తే కొలిచిన పిల్లవాడి తప్పా, పరికరం తప్పా అని విచారణ జరిపించాలి. ఇద్దరి తప్పూ లేదని తేలితే ఆ గది నుంచి రాతపూర్వకంగా సంజాయిషీ తెప్పించుకోవాలి. వారం లోగా 25కు దిగిరాని గదులకు ఇంక్రిమెంటు ఆపేయాలి.